టెక్ సందేహాలు: కస్టమ్ లాప్‌టాప్ ఆన్ కావట్లేదు, బోర్డు మార్చాలంటున్నారు

ప్రశ్న: మాది బెంగళూరు, మారతహళ్లి. త్రీడీ రెండరింగ్ పని కోసం రెండు లక్షలకు పైగా పెట్టి ఒక కంపెనీతో కస్టమ్ లాప్‌టాప్ చేయించుకున్నాను. వారంటీ అయిపోయింది. పోయిన వారం నుంచి పవర్ బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. వేరే ఊళ్లో ఉన్న తమ వర్క్‌షాప్‌కు కొరియర్ చేయమని, మదర్‌బోర్డు మార్చడానికి తొంభై వేలు అవుతుందని ఫోన్‌లోనే చెప్పేశారు. కంప్యూటర్ షాపులుండే ఎస్పీ రోడ్డులో చూపిస్తే, ఈ మోడల్ తెలీదు, పార్టులు దొరకవు అన్నారు.

జవాబు: ఆ తొంభై వేలు ఇప్పుడే కట్టకండి. మెషీన్ విప్పి చూడకుండా బోర్డు పోయిందని ఎవరు చెప్పినా నమ్మొద్దు. ఇలాంటి లాప్‌టాప్‌లలో చాలావాటికి ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్ రెండూ బోర్డుకే టంకం వేసి ఉంటాయి, అందుకే బోర్డు మారిస్తే వాటి ధర కూడా మీ నెత్తినే పడుతుంది. అసలు పాడైంది చార్జింగ్ సర్క్యూట్‌లో మాస్ఫెట్ అనే చిన్న స్విచ్ లాంటి పార్టో, షార్ట్ అయిన చిన్న కెపాసిటరో కావచ్చు. దానికోసం బాగున్న ప్రాసెసర్‌ని పారేసి కొత్తది కొనిపించడం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది.

ముందు అడాప్టర్ వోల్టేజ్‌ని మల్టీమీటర్‌తో చూపించండి, దాని మీద రాసినంత వస్తోందో లేదో తేలిపోతుంది. తర్వాత చార్జర్ తీసేసి, వెనక మూత విప్పి బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, పవర్ బటన్ అర నిమిషం నొక్కి పట్టుకోండి. మళ్లీ అన్నీ పెట్టి, ర్యామ్ స్టిక్కులు ఒక్కొక్కటే పెట్టి చూడండి. అయినా కదలకపోతే రిపేర్‌కే.

ఇక మోడల్ సంగతి. కస్టమ్ కంపెనీలు చాలావరకు బాడీ, బోర్డు తామే తయారు చేయవు. తైవాన్‌లోని క్లెవో, చైనాలోని టాంగ్‌ఫాంగ్ లాంటివాళ్లు బోర్డు బిగించిన ఖాళీ డబ్బా అమ్ముతారు, ఇక్కడివాళ్లు అందులో ర్యామ్, ఎస్‌ఎస్‌డీ వేసి తమ లోగో అతికిస్తారు. కాబట్టి ఎస్పీ రోడ్డు షాపులో చెప్పాల్సింది మూత మీది పేరు కాదు. కింది స్టిక్కర్ మీద గానీ, బోర్డు మీద ర్యామ్ స్లాట్ల దగ్గర గానీ ఎన్‌హెచ్, పీడీ, జీకే, జీఎమ్ లాంటి అక్షరాలతో మొదలయ్యే నంబర్ వెతకండి. క్లెవో బోర్డైతే 6-71తో మొదలయ్యే పార్ట్ నంబర్ కూడా కనిపించొచ్చు. అది ఫొటో తీసి వెతికితే అదే డబ్బాని అమెరికాలో సేజర్, జర్మనీలో ఎక్స్‌ఎమ్‌జీ లాంటివాళ్లు ఏ పేరుతో అమ్మారో బయటపడొచ్చు, దాంతో స్కీమాటిక్ (బోర్డు సర్క్యూట్ బొమ్మ), పార్టులు వెతకడం తేలికవుతుంది. కానీ వాళ్ల బయోస్ (మెషీన్‌ని స్టార్ట్ చేసే ప్రోగ్రామ్) ఫైల్ మాత్రం మీ మెషీన్‌లో ఎక్కించకండి, కీబోర్డు లైట్ల నుంచి ఫ్యాన్ల దాకా ఏదైనా తేడా కొట్టొచ్చు.

షాపు ఎంచుకునేటప్పుడు ‘చిప్ లెవెల్ పని (బోర్డు మీది చిన్న పార్టుల్ని విడిగా మార్చడం) చేస్తారా’ అని ఒక్కటే అడిగితే అందరూ చేస్తామనే అంటారు. ‘ఏ పవర్ లైన్ షార్ట్ అయింది, ఏ పార్టు మారుస్తున్నారు’ అని అడగండి. పని తెలిసినవాడు మీటర్ పెట్టి చూపిస్తాడు, తెలియనివాడు బోర్డంతా హాట్ ఎయిర్ గన్‌తో వేడి చేసి ఇస్తాడు, అది కొద్ది రోజులకే మళ్లీ చచ్చిపోతుంది.

ఇచ్చే ముందు ఎస్‌ఎస్‌డీ తీసి మీ దగ్గరే ఉంచుకోండి, మీ ప్రాజెక్టులన్నీ అందులోనే కదా. డిస్క్‌కి తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ ఇప్పుడే రాసి పెట్టుకోండి, సాధారణంగా అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. బోర్డు మారితే ఆ కీ అడుగుతుంది. జాబ్ షీట్‌లో ర్యామ్ సీరియల్ నంబర్లు రాయించండి, తీసిన పార్టు తిరిగి ఇవ్వాలని కూడా.

చివరికి కంపెనీకే పంపి, డబ్బు తీసుకుని బాగుచేయకపోతే వాళ్ల ఊరికి తిరగక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉంటున్న జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు. మీరు చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, గడువు రెండేళ్లు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. ఫోన్‌లో చెప్పిన తొంభై వేల ఎస్టిమేట్ ఉందే, అది ఈరోజే మెయిల్‌లో రాసి పంపమని అడగండి.