బండి ఎక్కకముందే చెప్పాల్సిన మాట

అమ్మడూ,

మొన్న రాత్రి పదకొండింటికి మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ మేనకోడలు ఉద్యోగం మానేసి అడవికి పోతుందట. చిన్నప్పుడు దాన్ని వెంటేసుకుని తిప్పింది నువ్వే, ఇప్పుడు నువ్వే చెప్పు" అంది. తర్వాత ఏడ్చింది. అక్కకు ఏదో సర్దిచెప్పి ఫోన్ పెట్టేసి చాలాసేపు వరండాలో కూర్చున్నాను. ఇరవై ఆరేళ్లు అతిథులను అడవిలో సఫారీకి తిప్పుతూ నేను చేసిన పనిని మన ఇంట్లో ఇంకొకరు కోరుకున్నారని తెలిసి గుండె నిండిపోయింది. ఆ వెంటనే భయమూ పట్టుకుంది. రెండు రాత్రులుగా నిద్ర లేదు, అందుకే రాస్తున్నాను.

తేలిక సంగతులు ముందు కానిచ్చేస్తాను. ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్ తెచ్చుకో, సెయింట్ జాన్ అంబులెన్స్ వాళ్లయినా సరే, రెడ్ క్రాస్ వాళ్లయినా సరే. డ్రైవింగ్ లైసెన్స్ ఉంటే చాలదు, ఒక్క బండి పట్టే మట్టిదారిలో రివర్స్‌లో అరకిలోమీటరు రావడం అలవాటు చేసుకో. బైనాక్యులర్స్ కొనకు, నాది ఎనిమిది రెట్లది ఉంది, అది నీకే. దోమతెర మాత్రం మర్చిపోవద్దు. నాకు ఆ అడవుల్లో రెండుసార్లు మలేరియా వచ్చింది.

ఇక చదువు, అర్హత. మన దేశంలో సఫారీ గైడ్ అంటే దేశమంతా చెల్లే ఒకే లైసెన్స్ ఏదీ లేదు. ఏ పార్కుకు ఆ పార్కు, అక్కడి అటవీశాఖ నియమాలు. మధ్యప్రదేశ్‌లో అటవీశాఖ దగ్గర నమోదైన గైడ్లు ఆ అడవి చుట్టుపక్కల ఊళ్ల వాళ్లే. ఆ సీటు వాళ్లది. ఊళ్లు ఖాళీ చేసి అడవికి చోటిచ్చిన కుటుంబాల పిల్లలు కూడా వాళ్లలో ఉంటారు. నువ్వు వెళ్తున్నది రిసార్ట్ నాచురలిస్ట్‌గా, అంటే రిసార్ట్ తరఫున అతిథులకు అడవిని వివరించే మనిషిగా. సఫారీ జీపులో, అదే జిప్సీలో, నీ పక్కన ఎప్పుడూ ఒక గైడ్ ఉంటాడు. జువాలజీ డిగ్రీ నీ దగ్గర ఉంది, అడవి అతని దగ్గర ఉంది. అతను పదో తరగతి కూడా చదివి ఉండకపోవచ్చు. అయినా అతనుగానీ, అక్కడి డ్రైవర్‌గానీ "ఆగు" అంటే ఆగాలి, "ఇక్కడొద్దు" అంటే మానాలి. ఇది ఎందుకింత గట్టిగా చెబుతున్నానో కింద తెలుస్తుంది.

జూలై నుంచి సెప్టెంబర్ దాకా వానలకు గేట్లు మూసి ఉంటాయి కాబట్టే నీ ట్రైనింగ్ అప్పుడు పెట్టారు. ఆ మూడు నెలలూ పులి కోసం తహతహలాడకు. చెట్లు నేర్చుకో. మొసలి వీపులాంటి బెరడుంటే నల్లమద్ది, రాత్రిపూట ఎముకలా తెల్లగా నిలబడేది తపసి. వానాకాలంలో పొన్నంకి పిట్ట వస్తుంది, ముందు దాని కూతను చెవికి పట్టించుకో. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లకు ఇంటి దగ్గరి నుంచి చేసే కోర్సులు ఉన్నాయి, పక్షుల కోర్సు చెయ్యి. అక్టోబర్ 1న గేటు తెరిచేసరికి కనీసం వంద పక్షులను కూతతో గుర్తుపట్టాలి. సీజన్ మొదలయ్యాక రోజుకు రెండు సఫారీలు, చీకటితో లేవడం, రాత్రి అతిథులతో భోజనం. చదువుకు టైం ఉండదు. బుధవారం మధ్యాహ్నం పార్కుకు సెలవు, ఆ పూట బట్టలు ఉతుక్కోవడానికే సరిపోతుంది.

అడుగులు చదవడం మాత్రం పుస్తకంలో రాదు. నాకు నేర్పింది నల్లమలలో ఒక చెంచు పెద్దాయన. మన్ననూర్ పైన ఒక పెంటలో, అంటే చెంచుల గూడెంలో, ఉండేవాడు. నేను నీ వయసులో ఉన్నప్పుడు ఒక తెల్లవారుజామున దారిలో పెద్దపులి అడుగు చూపించి, "ఎప్పటిది?" అని అడిగాడు. తాజాది అన్నాను. ఆయన గొంతుకూర్చుని, వేలు తగలకుండా చూపించాడు. అడుగు లోపలి మెత్తటి దుమ్ములో సన్నసన్నటి గుంటలు ఉన్నాయి, చెట్టు మీది నుంచి మంచు బొట్లు రాలినవి. దాని మీదుగా ఒక పురుగు పాకిన గీత ఒకటి. "మంచు కురవకముందు నడిచింది. పురుగు రాత్రి తిరిగింది. పులి ఇప్పుడు నీళ్ల దగ్గర పడుకుంది" అన్నాడు. ఆ తర్వాత పెద్ద పెద్ద వాళ్ల క్లాసులు చాలా విన్నాను. ఆ ఉదయం నేర్చుకున్నంత ఎక్కడా నేర్చుకోలేదు.

కేకలూ అంతే. కొండముచ్చు చెట్టు పైనుంచి దగ్గినట్టు అరుస్తుంది, అది కళ్లతో చూసి అరిచేది కాబట్టి చాలావరకు నమ్మొచ్చు. దుప్పి తొందరపడి అరుస్తుంది, అనుమానం వచ్చినా అరుస్తుంది. కణితి (సాంబార్ జింక) మాత్రం తోక లేపి, కాలు నేలకేసి కొట్టి, "ఢాంక్" అందంటే ఇంజన్ ఆపేసి ఊపిరి బిగబట్టు. అయితే అమ్మడూ, ఈ కేకలు ఎక్కువగా పులికీ చిరుతకే. ఎలుగుబంటి వస్తే జింకలు అంతగా పట్టించుకోవు. నీకు ఎవరూ ముందుగా చెప్పరు.

మీ అమ్మ భయమంతా పులి గురించి. నా భయం పులి కాదు. జిప్సీలో కూర్చున్న మనిషిని పులి రోజూ చూస్తుంది, పక్కనుంచి వెళ్లిపోతుంది. నా భయం ఏమిటో మన ఇంట్లో ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

అది మధ్యప్రదేశ్‌లో నా నాలుగో ఏడు. ఏప్రిల్ నెల, ఇప్పపూలు రాలే రోజులు. పొద్దున్నే అడవంతా ఆ తియ్యటి వాసన. బండిలో నలుగురు అతిథులు, వాళ్లలో ఒక పెద్దాయన. మా నాన్న వయసు, షుగర్ ఉంది. దిగి కాళ్లు చాపుకోవడానికి, టాయిలెట్‌కు అనుమతి ఉన్న చోటు ఇంకా ఇరవై నిమిషాల దూరం. ఆయన ఒకసారి మెల్లగా అడిగాడు. కాసేపు ఓర్చుకోండి సార్ అన్నాను. రెండోసారి అడిగాడు. మూడోసారి మాట్లాడలేదు, నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి బరువు ఇప్పటికీ గుర్తుంది.

బండి ఆపమన్నాను. డ్రైవర్ ఆపలేదు. అతన్ని నేను భయ్యా అని పిలిచేవాణ్ణి. "ఇక్కడొద్దు, రెండు నిమిషాలు పోతే మైదానం వస్తుంది, నాలుగు వైపులా కనపడుతుంది. అసలు దింపడమే తప్పు, దింపాలంటే అక్కడైనా దింపు" అన్నాడు. ఒక వైపు వెదురు పొద, ఇంకో వైపు ఇప్పచెట్టు, దాని వెనక పుట్ట. నేను అతిథుల ముందు మాట పోతుందనుకున్నాను. "ఆపమన్నానా లేదా" అని గొంతు పెంచాను. ఆపాడు.

పెద్దాయన దిగి ఇప్పచెట్టు వైపు వెళ్లాడు. ఎక్కడో ఉఫ్... ఉఫ్... మని గాలి పీల్చినట్టు చప్పుడు విన్నాను. విన్నాను అమ్మడూ. ఎలుగుబంటికి పైన మధ్యలో రెండు పళ్లు ఉండవని, ఆ సందులోంచి చెదపురుగులను పుట్టలోంచి పీల్చేస్తుందని, ఆ చప్పుడు చాలా దూరం వినపడుతుందని ముందు రోజు సాయంత్రమే ఇదే అతిథులకు వివరించి చెప్పాను. చెప్పినవాణ్ణే గుర్తుపట్టలేదు. ఆ నిమిషంలో మిగతా ముగ్గురికి పాలపిట్టను చూపిస్తున్నాను.

తల పుట్టలో పెట్టి పీల్చుకునేటప్పుడు దానికి లోకం తెలియదు. చూపు అంతంతమాత్రం. దగ్గరికొచ్చేదాకా మనిషిని గమనించదు, గమనించాక పారిపోయే దూరం ఉండదు. పైగా అది తల్లి. వీపు మీద బొచ్చు పట్టుకుని రెండు పిల్లలు ఉన్నాయి. ఒక్క అరుపుతో లేచింది. నేను సీటులో బిగుసుకుపోయాను. భయ్యా వీల్ స్పానర్ పట్టుకుని దూకాడు. బానెట్ మీద దబదబా కొడుతూ, అరుస్తూ, పెద్దాయనకూ దానికీ మధ్యలోకి వెళ్లాడు. మొత్తం పది సెకన్లు ఉంటుందేమో. పెద్దాయనకు గీత కూడా పడలేదు. ఎలుగుబంటి ఎక్కువగా ముఖం మీదికే వస్తుంది, భయ్యా కుడిచెయ్యి అడ్డం పెట్టాడు.

ఆ చేతికి మూడు వేళ్లు మళ్లీ ముడవలేదు. స్టీరింగ్ పట్టడం అక్కడితో ఆగింది. నన్ను ఒక సీజన్ పక్కన పెట్టారు, తర్వాత మళ్లీ తీసుకున్నారు. అతన్ని ఎవరు తీసుకుంటారు? విచారణలో, బండి తనే ఆపానని చెప్పబోయాడు. నేనే ఆపించానని లేచి చెప్పాను. నా నోటి నుంచి సరైన సమయంలో వచ్చిన మాట ఆ ఏడాది మొత్తంలో అదొక్కటే.

ఇప్పుడు చెప్పు, ఆ రోజు నాకు తక్కువైంది ఏమిటి? ఎలుగు గురించి తెలుసు, రూలు తెలుసు, చప్పుడు వినపడింది. ఒక పెద్దమనిషికి "కుదరదండీ" అని చెప్పలేకపోయాను. మనల్ని పెంచిన తీరు అలాంటిది. పెద్దవాళ్లు అడిగితే కాదనకూడదు, ఇంటికొచ్చిన వాళ్లను నొప్పించకూడదు. ఇంట్లో అది మంచి గుణం. జిప్సీలో అదే ప్రాణం తీస్తుంది.

నిన్ను తిట్టాల్సింది ఇక్కడే. నీకు ఎనిమిదేళ్లప్పుడు అందరం శ్రీశైలం వెళ్లాం, గుర్తుందా? మన్ననూర్ దాటాక ఘాట్ రోడ్డులో నీకు కడుపులో తిప్పింది. బండి ఆపమంటే అందరికీ ఆలస్యమవుతుందని ఈగలపెంట దాకా పెదాలు బిగబట్టి కూర్చున్నావు. దిగగానే నా చొక్కా మీదే వాంతి చేసుకుని, "సారీ మామయ్యా" అన్నావు. నాకు అప్పుడు నీ మీద ఎంత ప్రేమ పొంగిందో చెప్పలేను. ఇప్పుడు అదే తలచుకుంటే టెన్షన్. పోయిన ఏడాది ఆఫీసులో మూడు ఆదివారాలు ఎవరి పనో నువ్వు చేశావు. ఎందుకే అంటే "అడిగారు కదా మామయ్యా" అన్నావు. ఆ జవాబు అడవిలో పనికిరాదు.

నీకు ఇంకో కష్టం కూడా ఉంది, నాకు లేనిది. నేను కాదంటే అతిథి రెండుసార్లు అడిగేవాడు. ఆడపిల్లవి, చిన్నదానివి, నువ్వు కాదంటే నాలుగుసార్లు అడుగుతాడు. ఇంకొంచెం దగ్గరికి పోనిమ్మంటాడు, పులికి దారి అడ్డంగా పెట్టమంటాడు, ఫొటో కోసం డోర్ తియ్యమంటాడు. డ్రైవర్‌కు డబ్బు చూపిస్తాడు. నాలుగోసారికీ నీ గొంతు మొదటిసారిలాగే ఉండాలి. కోపం వద్దు, సారీలు అసలే వద్దు.

నేను తర్వాత కనిపెట్టిన ఉపాయం ఒకటి చెబుతాను. కాదనడం అడవిలో మొదలుపెట్టకు, రిసార్ట్ మెట్ల దగ్గరే మొదలుపెట్టు. టీ తాగుతుండగానే చెప్పు: "ఫలానా చోటు దాకా బండి దిగే వీలు లేదు, గంటన్నర పడుతుంది, టాయిలెట్‌కు ఇప్పుడే వెళ్లి రండి. షుగర్, బీపీ మందులు వాడేవాళ్లు నాకు విడిగా చెప్పండి, రూటు మార్చుకుంటాను." పొద్దున ఐదింటికి చెబితే అది సమాచారం, ఎవరూ నొచ్చుకోరు. ఏడింటికి చెబితే నిరాకరణ అవుతుంది. ఆ తర్వాత ఇరవై రెండేళ్లు నా బండిలోంచి ఎవరూ దిగకూడని చోట దిగలేదు.

పులి కనపడకపోతే టిప్ రాదేమో, మేనేజర్ ఏమంటాడో అని దిగులు పడకు. మధ్యప్రదేశ్‌లోని కన్హా పార్కులో బారసింగా జింకలు 1970లో 66 మాత్రమే మిగిలాయి. గడ్డిమైదానాలకు కంచెలు కట్టి, వాటిని కాపాడి మళ్లీ మందలను పెంచారు. ఉదయపు మంచులో మోకాలిలోతు గడ్డిలో నిలబడ్డ మంద ముందు బండి ఆపి ఆ కథ చెబితే, పులి ఏదని అడిగేవాడు కూడా కాసేపు నోరు మూసుకుంటాడు. నేను చూశాను.

జీతం గురించి ఏమీ రాయలేదని మీ అమ్మ అడుగుతుంది. మొదటి రెండేళ్లు ఇప్పుడు నీకొచ్చేదాంట్లో సగం కూడా ఉండదు. తిండి, గది వాళ్లే ఇస్తారు కాబట్టి ఇబ్బంది పడవు. అక్కకు ఆ మాట నేనే చెబుతాను, నువ్వు వాదన పెట్టుకోకు. రోజూ సిగ్నల్ దొరకదు, దొరికినప్పుడు ముందు తనకే ఫోన్ చెయ్యి.

జూన్ చివర్లో నువ్వు నాగపూర్ దాకా రైల్లో వస్తే నేను అక్కడ కలుస్తాను. రిసార్ట్‌కు వెళ్లేముందు ఒక పూట భయ్యా ఇంట్లో ఆగుదాం. ఏటా గేట్లు తెరిచే ముందు ఒకసారి వెళ్లొస్తూనే ఉంటాను, ఈసారి ముందే వెళ్దాం. నిన్న ఫోన్లో నీ సంగతి చెబితే చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "బిటియాను తీసుకురా, బండి ఎక్కడ ఆపకూడదో నేను చూపిస్తాను" అన్నాడు. అమ్మ చేతి అరిసెలు ఒక డబ్బా తీసుకురా. ఆయనకు ఇష్టం.

మీ మామయ్య