రుజువు కాని ఆరోపణను ఎంతవరకు నమ్మాలి?

ఫోను గ్రూపుల్లో ఒకరి మీద ఆరోపణ వస్తుంది, రుజువు ఉండదు, కొట్టిపారేయడానికీ మనసొప్పదు, అప్పుడెలా అని అడిగారు. నేను ఒడిశాలోని రాయగడలో ఉంటాను. ఇక్కడి తెలుగువాళ్లకు ఈ చిక్కు రెట్టింపు. కబురు పార్వతీపురం వైపు నుంచి వస్తే ‘ఆంధ్రా పోలీసులు పట్టుకున్నారట’ అంటారు. ఇక్కడి నుంచి అటు వెళ్తే ‘ఒడిశావాళ్లు కేసు పెట్టారట’ అవుతుంది. అవతలివాళ్లు విచారించే ఉంటారని ఎవరికి వారే అనుకుంటారు. అందుకే నేను ముందు అడిగేది, కళ్లారా చూసింది ఎవరు అని. పంపినవాళ్లు ఎంతమందైనా చూసినవాడు ఒక్కడైతే సాక్షి ఒక్కడే.

మా పేటలో నూనె అమ్మే ఒక దుకాణదారు మీద కల్తీ ఆరోపణ వచ్చింది. తోడుగా ముద్ర వేసిన ల్యాబు రిపోర్టు ఫొటో. ముద్ర చూడగానే చాలామంది తీర్పు చెప్పేశారు. నేను ఫొటోను పెద్దది చేసి చూశాను. పై అంచు కత్తిరించి ఉంది. నమూనా ఎవరి దగ్గర, ఏ తేదీన తీశారో కనబడదు. కింద ఆహార లైసెన్సు నంబరు మాత్రం మిగిలింది. అందులో 14 అంకెలుంటాయి. రెండో, మూడో అంకెలు రాష్ట్రాన్ని తెలుపుతాయి. దుకాణంలో గోడకు తగిలించిన లైసెన్సులో ఆ రెండు అంకెలూ వేరు. కాగితం అసలైనదే కావచ్చు, కానీ ఈయనది కాదు. రెండు నంబర్ల ఫొటోలూ పక్కపక్కన పెట్టి అంతవరకే రాశాను. నూనె మంచిదని రాయలేదు, అది నాకు తెలియదు కాబట్టి.

నంబరు కలిసినా అక్కడితో తేలదు. 2006 నాటి ఆహార భద్రత చట్టంలో నాసిరకం సరుకు, తప్పుడు లేబులు, ప్రాణానికి హాని చేసే సరుకు వేర్వేరు నేరాలు. మొదటి రెండింటికి జరిమానా, మూడోదానికి జైలు. పైగా రిపోర్టు మీద వ్యాపారి 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. ఎఫ్‌ఐఆర్ కూడా ఫిర్యాదు నమోదైందనే చెబుతుంది, నేరం రుజువైందని కాదు. సున్నితమైనవి తప్ప మిగతా ఎఫ్‌ఐఆర్‌లను వెబ్‌సైట్లో ఉంచాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. కేసు పెట్టారని చెప్పేవారిని స్టేషను పేరు, నంబరు నిస్సంకోచంగా అడగండి.

అలాగని ప్రతిదాన్నీ అనుమానించడం తెలివి కాదు. ఒక చీటీల నిర్వాహకుడి గురించి ఒకావిడ రాసినప్పుడు, ఇద్దరికీ స్థలం తగాదా ఉందని అందరూ ఆమెనే తప్పుబట్టారు. తగాదా నిజమే. కానీ ఆమె రాసిన తీరు చూడాలి. ఏ నెలలో చీటీ పాడింది, ఎంత రావాలి, ఎంత చేతికొచ్చింది, ఆయన సంతకమున్న పుస్తకం పేజీ, అంతే. దొంగ అనలేదు, శాపనార్థాలు పెట్టలేదు. ఆ మాట అబద్ధమైతే ఆయన ఒక్క రసీదుతో నోరు మూయించవచ్చు. ఆయన రసీదు తేలేదు, ఆమె గుణగణాలు ఎత్తాడు. తర్వాత గుణుపురం నుంచి, ఆమెతో ముఖపరిచయమైనా లేనివాళ్లు తమ పుస్తకాలు బయటపెట్టారు. పగ ఉన్న మనిషి నిజం చెప్పకూడదని ఎక్కడుంది?

నమ్మడం వేరు, నమ్మి ఏం చేస్తామన్నది వేరు. ఆ చీటీలో నా డబ్బు కట్టకపోవడానికి అనుమానం చాలు. ఆయన ఫొటో ఊరంతా పంపడానికి చాలదు. 2018 జులైలో మహారాష్ట్రలోని ధులే జిల్లా రాయిన్‌పాడలో, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లన్న పుకారుతో ఐదుగురు సంచారజాతి మనుషుల్ని కొట్టి చంపారు. ఆ ఏడాది దేశమంతా తిరిగిన ఒక కిడ్నాప్ వీడియో నిజానికి కరాచీలో తీసిన అవగాహన ప్రకటన. పిల్లవాడిని తిరిగి అప్పగించే చివరి భాగాన్ని ఎవరో కత్తిరించారు. ఏ ఫొటో అయినా, వీడియో అయినా, తెగిన చోట ఏముండేదో వెతకండి. పిల్లల విషయమై నిజంగా భయమేస్తే అత్యవసర నంబరు 112కో, పిల్లల సహాయ నంబరు 1098కో ఫోను చేయండి, గ్రూపులో పెట్టకముందే.