బయటి ప్యాకేజీని నమ్మవచ్చా? తేడా వస్తే సపోర్ట్ ఎవరిస్తారు?

మాదాపూర్‌లో మీది చిన్న టీమ్ అన్నారు. ఇన్‌వాయిస్ పీడీఎఫ్‌ల కోసం ఎన్‌పీఎమ్ ప్యాకేజీ (ఎవరో రాసి, జావాస్క్రిప్ట్ వాడేవాళ్ల కోసం బయట పెట్టిన కోడ్) ఒకటి వాడదామంటే, "రేపు ఏదైనా అయితే ఎవరిని అడుగుతాం?" అని మీ మేనేజర్ అంటున్నారు. ఆయన అడిగింది న్యాయమే. ఎంఐటీ లాంటి ఓపెన్ సోర్స్ లైసెన్సుల్లో ఏ వారంటీ లేదని ముందే రాసి ఉంటుంది. సపోర్ట్ ఇవ్వాల్సిన బాధ్యత ఎవరికీ లేదు. అయినా ఇచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లెవరో ముందే తెలుసుకోవచ్చు.

నేను స్టార్లు, డౌన్‌లోడ్లు పెద్దగా పట్టించుకోను. ఆ కోడ్ ఉండే గిట్‌హబ్ సైట్‌లో క్లోజ్ చేసిన ఇష్యూలు, అంటే చర్చ ముగిసిన ఫిర్యాదులు, ప్రశ్నలు చదువుతాను. కొత్తవాళ్లు తెలియక అడిగితే ఎలా జవాబిచ్చారు, బగ్ ఉందని ఒప్పుకున్నారా, సరిచేసిన వెర్షన్ ఎన్నాళ్లకు వచ్చింది అన్నవి అక్కడే తెలుస్తాయి.

గచ్చిబౌలిలో మా టీమ్ తెలుగు రసీదులు తీసేది. పీడీఎఫ్‌లో "శ్రీలక్ష్మి" అన్న పేరు ఒత్తులు ఊడిపోయి, పొల్లులతో విడివిడిగా పడేది. ఫాంట్ బాగానే ఉంది. అక్షరాలను కలిపే షేపింగ్ పనే ఆ ప్యాకేజీ చేయడం లేదు. దాన్ని నడిపేవాళ్లకు తెలుగు రాదు. "తెలుగు సరిగ్గా రావట్లేదు, అర్జెంట్" అని రాస్తే వాళ్లకేం అర్థమవుతుంది? అందుకే ఆ ఒక్క పేరునే ప్రింట్ చేసే చిన్న కోడ్, ఫాంట్ ఫైలు, వెర్షన్ నంబరు పంపాం. రావలసిన రూపం, వస్తున్న రూపం పక్కపక్కన బొమ్మలుగా పెట్టాం. పరీక్షించడానికి ఇంకొన్ని పదాలు కావాలన్నారు. "స్త్రీ", "రాష్ట్రం", "జ్ఞానం" ఇచ్చాం. సరిచేసిన వెర్షన్ వచ్చేదాకా రసీదులను హెడ్‌లెస్ క్రోమ్‌తో (విండో తెరవకుండా నడిచే క్రోమ్ బ్రౌజర్) పీడీఎఫ్ చేసుకున్నాం. ఇలాంటి రెండో దారి మీరూ ముందే చూసి పెట్టుకోండి.

మర్యాదగా జవాబిచ్చారని కళ్లు మూసుకుని నమ్మకూడదు కూడా. లినక్స్‌లో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ యుటిల్స్ అనే ప్యాకేజీలో ఒక వ్యక్తి రెండేళ్లకు పైగా ఓపిగ్గా సాయం చేసి, నిర్వహణ హక్కులు సంపాదించి, 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టాడు. దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యం కావడం ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు గమనించబట్టి 2024 మార్చిలో అది బయటపడింది. అప్పటికి చాలా లినక్స్ స్టేబుల్ విడుదలల్లోకి ఆ వెర్షన్లు చేరలేదు కాబట్టి బతికిపోయాం. అందుకని ఏ ప్యాకేజీ ఏ వెర్షనో రాసి ఉండే లాక్ ఫైలును మీ కోడ్ రిపోలోనే ఉంచండి, బిల్డ్‌లో సరిగ్గా ఆ వెర్షన్లనే ఎక్కించే "ఎన్‌పీఎమ్ సీఐ" కమాండ్ వాడండి. సెక్యూరిటీ ఫిక్స్ అయితే తప్ప కొత్త వెర్షన్‌ను వచ్చిన రోజే ఎక్కించకండి. నాలుగు లైన్ల పనికి ప్యాకేజీ అసలే వద్దు. 2016లో లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 లైన్ల ప్యాకేజీని రచయిత తీసేస్తే ఎన్ని బిల్డ్‌లు ఆగిపోయాయో!

మేనేజర్ గారికి జవాబుగా మీ టీమ్‌లో ఒకరి పేరు చెప్పండి. ఆ ప్యాకేజీ విడుదల నోట్స్ చదవడం, ఇష్యూలు రాయడం వాళ్ల పని. ఆ పనికి వాళ్ల వారంలో కొంత టైమ్ కూడా అడిగి తీసుకోండి. మీ బిల్లింగ్ అంతా దాని మీదే నడుస్తుంటే, గిట్‌హబ్ స్పాన్సర్స్ ద్వారా నెలనెలా కొంత పంపమని కంపెనీని గట్టిగా అడగండి.