దాఫెన్‌కి వెళ్లండి, కానీ సందుల్లోకి కూడా వెళ్లండి

హాంగ్‌కాంగ్ ట్రిప్‌లో ఒక పూట సరిహద్దు అవతల చైనా నగరం షెన్‌జెన్‌లో ఉన్న దాఫెన్ అనే పెయింటింగుల ఊరికి కేటాయించొచ్చా, అక్కడన్నీ పేరున్న చిత్రాలకి నకళ్లేనటగా అని అడిగారు. తప్పకుండా కేటాయించండి. నేను షెన్‌జెన్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో చుట్టాలెవరొచ్చినా ముందు అక్కడికే తీసుకెళ్లేవాణ్ణి.

పల్లెటూరంటే పొలాలూ చెరువులూ ఉంటాయనుకోకండి. ఒకప్పుడు హక్కా అనే చైనా సముదాయపు కుటుంబాలు ఉండే చిన్న ఊరే, ఇప్పుడు చుట్టూ నగరం కమ్మేసింది, ఊరంతా కలిపినా 0.4 చదరపు కిలోమీటర్లే. 1989లో హువాంగ్ జియాంగ్ అనే చిత్రకారుడు హాంగ్‌కాంగ్ నుంచి వచ్చి, అద్దెలు చవగ్గా ఉన్నాయని ఇక్కడ కొంతమందిని కూర్చోబెట్టి విదేశీ ఆర్డర్లకి ఆయిల్ పెయింటింగులు వేయించడం మొదలుపెట్టాడు. తర్వాత వేలమంది చిత్రకారులు చేరారు.

మెయిన్ రోడ్డు మీద షాపులు చూసి తిరిగొచ్చేస్తే మాత్రం మీకు మిగిలేది డచ్ చిత్రకారుడు వాన్ గో వేసిన పొద్దుతిరుగుడు పువ్వుల నకళ్లే. ఇరుకు సందుల్లోకి వెళ్లండి, అక్కడ ఇంటి గోడనే అద్దెకి తీసుకుని కాన్వాసులు తగిలించుకుని పనిచేసేవాళ్లు కనిపిస్తారు, ఒకే బొమ్మ నాలుగైదు కాన్వాసుల మీద వరసగా, ముందు అన్నిటికీ ఆకాశం వేసి, ఆ తర్వాత అన్నిటికీ చెట్లు వేసుకుంటూ పోతారు. ఆ చేతివేగం, ఫొటో చూసి రంగు కలిపే తీరు చూస్తుంటే గంట ఎలా గడిచిందో తెలీదు. దాన్ని ఉత్త నకలని కొట్టిపారేయడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

పైగా 2008 ఆర్థిక సంక్షోభంలో విదేశీ ఆర్డర్లు పడిపోయాక చాలామంది చైనా కొనుగోలుదార్ల వైపు, సొంత బొమ్మల వైపు తిరిగారు. నాకు తెలిసిన ఒకాయన రోజంతా ఆర్డర్ పని చేసేవాడు, షాపు వెనక మాత్రం హునాన్‌లోని తన ఊరి కొండలు వేసి పెట్టుకునేవాడు, నకళ్లకి బేరం ఒప్పుకునేవాడు గానీ ఆ కొండల ధర ఒక్క యువాన్ కూడా తగ్గించేవాడు కాదు. కొనాలనుకుంటే అలాంటివి అడగండి, "మీరు సొంతంగా వేసినవి ఉన్నాయా" అని ఫోన్‌లో అనువాదం చేసి చూపిస్తే చాలు, లోపల్నుంచి తీసుకొస్తారు. బతికున్న చిత్రకారుల బొమ్మలకి నకలు మాత్రం వేయించకండి.

ఇక వెళ్లడం తేలిక. హాంగ్‌కాంగ్ నుంచి లోహు దగ్గర సరిహద్దు దాటాక షెన్‌జెన్ మెట్రో లైన్ 1లో లావోజియే, అక్కడ లైన్ 3కి మారితే దాఫెన్ స్టేషన్. భారతీయ పాస్‌పోర్టుకి చైనా వీసా కావాలి, ముందే తీసుకోండి. చైనాలో డబ్బు చెల్లించే అలీపే యాప్ కూడా ఫోన్‌లో ముందే పెట్టుకోండి, చిన్న షాపుల్లో అందరూ క్యూఆర్ కోడే చూపిస్తారు. ఫొటో తీసేముందు అడగండి, కొందరికి ఇష్టం ఉండదు. ఫ్రేమ్ లేకుండా కొని, రంగు వైపు బయటికి వచ్చేలా చుట్టి గొట్టంలో పెట్టించుకుంటే విమానంలో ఇబ్బంది ఉండదు, కాకపోతే బాగా ఆరిన బొమ్మే తీసుకోండి, ఆయిల్ రంగు ఆరడానికి చాలా రోజులు పడుతుంది.