నరానికి మందు ఆపాక తిరగబెడితే? లైమ్ వ్యాధిపై పాఠకుల ప్రశ్నలు

ఈ నెల ఉత్తరాల్లో ఏడు ఒకే జబ్బు గురించి వచ్చాయి. అదే లైమ్, అమెరికాలో పిడుదు కాటుతో అంటుకునే బాక్టీరియా జబ్బు. వీధికి రెండిళ్ల పిల్లలు అమెరికాలో ఉన్న ఊరు మనది, కాబట్టి వింతేమీ లేదు.

ప్రశ్న: మా అబ్బాయికి 26 ఏళ్లు. కనెక్టికట్‌లో ఎం.ఎస్. చదువుతున్నాడు. వేసవిలో అడవికి ట్రెక్కింగ్‌కు వెళ్లొచ్చాక మూతి ఓ పక్కకు లాగేసి, మెడ పట్టేసింది. వెన్నులోంచి నీరు తీసి లైమ్ అని తేల్చారు. చేతికి పిక్ లైన్ (నరంలో వారాల తరబడి ఉంచే సన్నటి గొట్టం) పెట్టి, రోజుకు 2 గ్రాముల చొప్పున 21 రోజులు సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటిబయాటిక్ ఎక్కించారు. మూతి సర్దుకుంది, ఇంటికొచ్చాడు. మందు ఆపిన ఐదో వారం నుంచి మళ్లీ నీరసం, ఒళ్లునొప్పులు. చదివింది నిలవడం లేదంటాడు. తిరగబెట్టిందనీ, ఇంకో మూడు నెలలు అదే ఇంజెక్షన్ వేయించమనీ స్నేహితులు చెబుతున్నారు. మా వీధి నర్సింగ్ హోమ్‌లో రోజూ వేయించవచ్చా? (ఒక తల్లి, ఎంవీపీ కాలనీ)

జవాబు: వేయించకండమ్మా. బాబుకు పడాల్సిన మందు పూర్తిగా పడింది. నాడీ వ్యవస్థకు పాకిన లైమ్‌కు రెండు నుంచి మూడు వారాలే కోర్సు. సరైన చికిత్స అందిన వాళ్లలోనూ నూటికి ఐదు నుంచి పది మందికి అలసట, ఒళ్లునొప్పులు, మతిమరుపు నెలల తరబడి ఉంటాయి. ఆరు నెలలు దాటితే దాన్ని చికిత్సానంతర లైమ్ సిండ్రోమ్ అంటారు. ఐదో వారానికి ఆ పేరు కూడా తొందరపాటే. టైఫాయిడ్ పడి లేచినవాడు నెలకే పరుగెత్తడు కదా.

ఇలాంటివాళ్లకు మందు పొడిగించి చూడకపోలేదు. 2001లో అమెరికాలో 129 మంది మీద పరీక్ష జరిగింది. కొందరికి 30 రోజులు సెఫ్ట్రియాక్సోన్, ఆపైన 60 రోజులు డాక్సీసైక్లిన్ అనే యాంటిబయాటిక్ బిళ్లలు ఇచ్చారు. మిగతావాళ్లకు మందు లేని ఉత్తుత్తి ద్రవం, ఉత్తుత్తి బిళ్లలు ఇచ్చారు. రెండు వర్గాల మధ్య తేడా కనబడలేదు. ఉత్తుత్తి మందు వాడినవాళ్లలోనూ సుమారు మూడో వంతు మంది మెరుగయ్యారు. ‘మా ఫ్రెండుకి రెండో కోర్సుతో తగ్గింది’ అనే మాటను ఈ లెక్కతో కలిపి వినాలి. 2008లో పది వారాలు ఎక్కించి చూస్తే జ్ఞాపకశక్తి 12వ వారానికి కాస్త మెరుగైంది, 24వ వారానికి ఆ మెరుగు నిలవలేదు. 2003 నాటి పరీక్షలో అలసట కొంత తగ్గిన మాట నిజమే. కానీ అందులో నలుగురు ఆసుపత్రి పాలయ్యారు. ఆ నలుగురిలో ముగ్గురు ఎక్కించుకున్నది ఉత్తుత్తి మందే! ముప్పు మందుతోనే కాదు, గొట్టంతోనూ ఉందన్నమాట. నెలల తరబడి నరంలో ఉండే గొట్టం బాక్టీరియాకూ ఫంగస్‌కూ తెరిచిన తలుపే.

మరి మళ్లీ మందు ఎప్పుడు? కంటికి కనబడేది, పరీక్షకు దొరికేది ఏదైనా కొత్తగా వస్తేనే. మూతి మళ్లీ వంకరపోవడం, మోకాలు నీరు పట్టి ఉబ్బడం, మెడ బిగిసి వెలుతురు చూడలేకపోవడం, కళ్లు తిరిగి పడిపోతే ఈసీజీలో గుండె విద్యుత్తుకు అడ్డు కనబడటం అలాంటివి. వీటిలో ఏదున్నా ఆలస్యం చేయకుండా న్యూరాలజిస్టుకో, అంటువ్యాధుల నిపుణుడికో చూపించండి. డిశ్చార్జి కాగితాల్లో వెన్నునీటి రిపోర్టు తప్పక పట్టుకెళ్లండి. పోల్చడానికి అదే ఆధారం.

ఈలోగా అలసటకు వేరే కారణం ఉందేమో చూడండి. రక్త కణాల లెక్క, థైరాయిడ్, బి12, డి విటమిన్, మూడు నెలల సగటు షుగర్, కాలేయం, కిడ్నీ పరీక్షలు చాలు. శాకాహారులైతే బి12 మరచిపోవద్దు. ఆ లోపమే మతిమరుపు, తిమ్మిర్లు తెచ్చి లైమ్ మీదికి నెట్టేస్తుంది.

ప్రశ్న: నరానికి మందు ఆపిన పది రోజులకు మా బావగారికి చలిజ్వరం వచ్చింది. ఆయన మసాచుసెట్స్ నుంచి వచ్చి రెండు వారాలే. ఇక్కడి ల్యాబ్‌లో ఫాల్సిపారం మలేరియా అన్నారు. ఆయన ఏజెన్సీ వైపు వెళ్లనేలేదు. లైమ్ తిరగబెట్టడమేనా? (గాజువాక)

జవాబు: జ్వరం లైమ్ తిరగబెట్టడం కింద సాధారణంగా రాదు, కాబట్టి దీన్ని వేరే జబ్బుగానే చూడాలి. గొట్టం ఇంకా చేతికి ఉంటే ముందు దాన్నే అనుమానించండి. గొట్టంలోకి మందు తోయగానే వణుకు పుడితే, గొట్టంలోంచి ఒక సీసా, రెండో చేతి నుంచి ఒక సీసా రక్తం తీసి కల్చర్‌కు (రక్తంలో క్రిమి పెరుగుతుందేమో చూసే పరీక్షకు) పంపాలి. యాంటిబయాటిక్ ఆ తర్వాతే. చేయి ఉబ్బి బరువెక్కితే నరంలో రక్తం గడ్డ ఉందేమో డాప్లర్ స్కానింగ్‌తో చూడాలి.

ఆ ల్యాబ్ రిపోర్టు మాత్రం ఆలోచించాల్సినదే. లైమ్‌ను మోసే పిడుదే బబీసియా అనే పరాన్నజీవినీ మోస్తుంది. అది ఎర్ర రక్తకణంలో ఉంగరంలా కనిపించి, అచ్చం ఫాల్సిపారాన్ని తలపిస్తుంది. ఒకే కణంలో నాలుగు కలిసి శిలువలా కనబడితే, గోధుమ రంగు పిగ్మెంటు కనబడకపోతే బబీసియా అనుకోవాలి. సెఫ్ట్రియాక్సోన్‌కు అది లొంగదు. అటోవాక్వోన్, అజిత్రోమైసిన్ కలిపి ఏడు నుంచి పది రోజులు ఇస్తారు. స్లైడు పారేయవద్దని ల్యాబ్‌కు చెప్పి, మెడికల్ కాలేజీ మైక్రోబయాలజీ విభాగంలో మళ్లీ చూపించండి. మలేరియా ర్యాపిడ్ కార్డు కూడా చేయించండి. స్లైడులో ఉంగరాలు ఉండీ కార్డు నెగెటివ్ అయితే అనుమానం బలపడుతుంది. అయినా మలేరియా కాదని తేలేదాకా దాని చికిత్స వాయిదా వేయడం ప్రమాదం. ఈ మాట డాక్టరుతో స్పష్టంగా మాట్లాడండి.

ఇక్కడికి వచ్చాక అరకు వైపు పొదల్లో తిరిగి ఉంటే చంకలు, గజ్జలు, నడుం పట్టీ కింద నల్లటి పొక్కు ఉందేమో వెతకండి. అది పొదల్లోని సన్నటి పురుగు కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం గుర్తు. దానికీ సెఫ్ట్రియాక్సోన్ పనిచేయదు, డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా. రోజుకు రెండుసార్లు ఏడు రోజులు పడాలి.

ప్రశ్న: కోర్సు అయిపోయి నెల. రోజుకు ఆరేడు నీళ్ల విరేచనాలు. బయటి తిండి తినలేదు. (సీతమ్మధార)

జవాబు: ఓఆర్‌ఎస్ తాగుతూ ఈరోజే మలం పరీక్షకు ఇవ్వండి. సి.డిఫిసిల్ టాక్సిన్ అని చీటీ మీద రాయించండి. సి.డిఫిసిల్ అంటే పేగులో విషం వదిలే ఒక బాక్టీరియా. యాంటిబయాటిక్ ఆపాక రెండు మూడు నెలల దాకా ఇది రావచ్చు. విరేచనాలు కట్టే బిళ్లలు మింగకండి, విషం లోపలే నిలుస్తుంది. దీనికి ఇచ్చే వాంకోమైసిన్ నోటితో తీసుకోవాలి. నరానికి ఎక్కిస్తే పేగులోకి చేరదు. అన్నం తిన్నాక కుడి పక్కటెముకల కింద నొప్పి కూడా ఉంటే అల్ట్రాసౌండ్ తీయించండి. సెఫ్ట్రియాక్సోన్ కాల్షియంతో కలిసి పిత్తాశయంలో మడ్డిలా పేరుకుంటుంది. మందు ఆపాక అది చాలామందికి దానంతటదే కరిగిపోతుంది, ఆపరేషన్‌కు తొందరపడకండి.

ప్రశ్న: చికిత్స అయ్యాక కూడా వెస్ట్రన్ బ్లాట్ పాజిటివ్ వస్తోంది.

జవాబు: వస్తుంది, ఏళ్ల తరబడి వస్తుంది. అది యాంటీబాడీల పరీక్ష. క్రిమి ఉందో పోయిందో అది చెప్పదు. మళ్లీ చేయించి డబ్బు తగలేయకండి.

ప్రశ్న: బిళ్లలు 28 రోజులు, నరానికి మందు నాలుగు వారాలు అయినా మోకాలి వాపు పోలేదు. ఆర్‌ఎంపీ ఇచ్చిన బిళ్లలు వేసుకుంటే రెండు రోజులు హాయిగా ఉంటుంది, తర్వాత మామూలే. (పెందుర్తి)

జవాబు: ఆ హాయి స్టెరాయిడ్‌ది కావచ్చు, రేకు చూపించి తెలుసుకోండి. వారాల తరబడి వేసుకుంటూ వస్తే హఠాత్తుగా మానేయకూడదు, డాక్టరు తగ్గిస్తూ ఆపుతారు. బిళ్లల కోర్సు, ఆపైన నరానికి ఒక కోర్సు అయ్యాక కూడా వాపు ఉంటే అది ఎక్కువగా క్రిమి పని కాదు, రగిలిన రోగనిరోధక శక్తి ఆరకపోవడం. అక్కడి నుంచి రుమటాలజిస్టు (కీళ్లవాతం నిపుణుడు) దారి. మోకాల్లోకి ఇంజెక్షన్, రోగనిరోధక శక్తిని అణచే మెథోట్రెక్సేట్ లాంటివి ఇస్తారు. మన దేశంలో ఒక మెట్టు అదనం. అవి మొదలుపెట్టే ముందు మోకాలి నీరు తీసి క్షయకూ పరీక్షించాలి. ఒంటి మోకాలి వాపు నెలల తరబడి ఉంటే ఇక్కడ ముందు తోసిపుచ్చాల్సింది దాన్నే.

ప్రశ్న: నేను టీచర్ని. చికిత్స అయ్యి ఎనిమిది నెలలు. ఒంట్లో బాగున్న రోజు ఇల్లంతా సర్దితే, తర్వాత మూడు రోజులు మంచం దిగలేను. నడుస్తూ బలం పుంజుకోమంటున్నారు. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ చేయవచ్చా? (ఒక పాఠకురాలు)

జవాబు: 32 కిలోమీటర్లు ఈ ఏడాది వద్దమ్మా. బస్సులో కొండెక్కి అప్పన్నను చూసి రండి.

మిమ్మల్ని పడగొడుతున్నది మీ బాగున్న రోజే. రెండు వారాలు ఒక నోటుబుక్కు పెట్టండి. గంటగంటకూ ఏం చేశారో, మర్నాడు, ఎల్లుండి ఎలా ఉందో రాయండి. ఎంత పని దాటితే కూలబడుతున్నారో అందులో తేలుతుంది. అందులో సగంతో మొదలుపెట్టండి. బీచ్ రోడ్డులో 20 నిమిషాల నడక మిమ్మల్ని పడేస్తుంటే పది నిమిషాలే నడవండి, ఓపిక ఉన్న రోజున కూడా పదే. వరుసగా వారం నిలిస్తే ఒక నిమిషం పెంచండి. పడిపోతే రెండు వారాల కిందటి లెక్కకు వెళ్లండి. అలసిపోకముందే పడుకోవాలి. పీరియడ్ల మధ్య పది నిమిషాలు కళ్లు మూసుకుని వాలండి, ఫోన్ చూడటం విశ్రాంతి కాదు. కూరలు కూర్చుని తరగండి. మన ఊరి ఉక్కపోతలో పది తర్వాత నడక మానండి.

నిలబడితే గుండె దడ, కళ్లు బైర్లు ఉన్నాయా? ఐదు నిమిషాలు పడుకుని నాడి లెక్కపెట్టండి. లేచి, గోడకు ఆనకుండా నిలబడి 1, 3, 5, 10 నిమిషాలకు మళ్లీ లెక్కపెట్టండి. పక్కన ఒకరుండాలి. బీపీ పడిపోకుండానే నాడి 30కి పైగా పెరిగి అలాగే నిలిస్తే ఆ చీటీ డాక్టరుకు చూపించండి. నీళ్లు, ఉప్పు పెంచడం, బిగుతు మేజోళ్లు తొడగడం లాంటివాటితో మార్పు ఉంటుంది. బీపీ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఉప్పు జోలికి సొంతంగా వెళ్లకూడదు. నొప్పికి పారాసిటమాల్ వాడవచ్చు, రోజంతా కలిపి 3 గ్రాములు దాటకుండా.

ప్రశ్న: మా కుక్కకు పిడుదులు ఉన్నాయి. మాకూ లైమ్ వస్తుందా? (మధురవాడ)

జవాబు: ఇక్కడి కుక్కల మీద సాధారణంగా కనిపించే గోధుమ రంగు పిడుదు లైమ్‌ను మోసే జాతి కాదు. అయినా మనిషికి పట్టుకుంటే సన్నటి మొన ఉన్న పట్టకారుతో చర్మానికి ఆనుకుని పట్టి, మెలితిప్పకుండా నిటారుగా లాగండి. కిరసనాయిలు పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు.