చిన్న ఫైళ్లకు నడిచే స్క్రిప్ట్ పెద్దవాటికి ఎందుకు ఆగిపోతోంది?

మీరు పైథాన్‌లో సబ్‌ప్రాసెస్ మాడ్యూల్‌లోని పోపెన్‌తో బయటి ప్రోగ్రామ్ నడిపి, ముందు, అది ముగిసేదాకా ఆగే వెయిట్ పిలిచి, ఆ తర్వాత అవుట్‌పుట్ చదువుతున్నారు. చిన్న ఫైలుకు బాగానే ఉంది, పెద్దది ఇస్తే ఎర్రర్ కూడా రాకుండా అలాగే ఉండిపోతోంది అన్నారు. తప్పు ఆ ప్రోగ్రామ్‌ది కాదండీ, ఆ వరుసది.

ఆ ప్రోగ్రామ్ అవుట్‌పుట్‌ను మీ స్క్రిప్ట్‌కు చేర్చే దారిని పైపు అంటారు, దానికి ఒక హద్దు ఉంటుంది. లినక్స్‌లో మామూలుగా 64 కిలోబైట్లు. అది నిండగానే అవతలి ప్రోగ్రామ్ రాయడం ఆపేసి, ఎవరైనా చదువుతారేమోనని చూస్తూ కూర్చుంటుంది. మీ స్క్రిప్టేమో అది ముగిసేదాకా చదవనని భీష్మించుకుంది. నువ్వు ముందంటే నువ్వు ముందు, ఇక రెండూ కదలవు.

వెయిట్ తీసేసి కమ్యూనికేట్ వాడండి. అది అవుట్‌పుట్ చదువుతూనే ముగింపు కోసం ఆగుతుంది. అసలు ఇంత చిన్న పనికి పోపెన్ ఎందుకు? పైథాన్ 3.7 నుంచి సబ్‌ప్రాసెస్ రన్‌కు క్యాప్చర్ అవుట్‌పుట్, టెక్స్ట్ రెండూ ట్రూ అని ఇస్తే చాలు, స్ట్రింగ్ చేతికొస్తుంది. చెక్ కూడా ట్రూ పెట్టండి; లేకపోతే ప్రోగ్రామ్ ఫెయిలైనా స్క్రిప్ట్ ఏమీ ఎరగనట్టు ముందుకెళ్లిపోతుంది.

కమాండును ఒకే స్ట్రింగ్‌గా కాక లిస్టుగా ఇవ్వండి, ఫైలు పేరులో ఖాళీలున్నా టెన్షన్ ఉండదు. అవుట్‌పుట్ మరీ వందల మెగాబైట్లయితే మాత్రం మెమరీలోకి లాగొద్దు. స్టాండర్డ్ అవుట్‌కు పైపు బదులు, రాయడానికి తెరిచిన ఫైలు ఇచ్చేయండి.