నూడుల్స్ సంగతి తర్వాత, ముందు ఆ నొప్పి మాత్ర పేరు చెప్పండి

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 34. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఎక్కువగా రాత్రి షిఫ్టు. రకరకాల దేశాల ఇన్‌స్టంట్ నూడుల్స్ రుచి చూసి మార్కులు వేయడం నా సరదా. జపాన్, కొరియా, ఇండోనేషియా, థాయ్‌లాండ్ రకాలు కలిపి ఇప్పటికి 140 దాకా నోట్‌బుక్‌లో రాశాను. వారానికి ఐదారు ప్యాకెట్లు అవుతాయి. సూప్ చివరి చుక్క వరకు తాగితేనే మార్కులు వేస్తాను. నా సందేహాలు మూడు. అజినమోటో నిజంగా హానికరమా? నూడుల్స్‌కు మైనం పూత ఉంటుందంటారు, ఉడికించిన మొదటి నీళ్లు పారబోయాలా? ఏ దేశం నూడుల్స్ ఆరోగ్యానికి మంచివి? ఉప్పు తగ్గించాలని ఆవకాయ పూర్తిగా మానేశాను. అప్పుడప్పుడు తలనొప్పి వస్తుంది, మందుల షాపులో ఇచ్చే నొప్పి మాత్ర వారానికి నాలుగైదు వేసుకుంటే సర్దుకుంటుంది. కడుపులో మంటకు ఎనిమిది నెలలుగా గ్యాస్ మాత్ర వాడుతున్నాను. మొన్న నాన్నగారి మెషిన్‌తో చూసుకుంటే బీపీ 158/98 వచ్చింది. ఆయన వాడే బీపీ మాత్ర టెల్మిసార్టాన్ నాలుగు రోజులు వేసుకుంటే 134కు దిగింది, మానేశాను.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ ఉత్తరంలో ముప్పాతిక భాగం నూడుల్స్, చివరి నాలుగు వాక్యాల్లో జబ్బు. మీరు అడిగింది మొదటిదాని గురించి, నన్ను కలవరపెట్టింది రెండోది. అందుకే కింది నుంచి పైకి వస్తాను. అజినమోటో కాసేపు ఆగుతుంది.

34 ఏళ్లకు 158/98 అంటే తేలిగ్గా తీసుకునే అంకె కాదు. అలాగని ఒక్కసారి చూసి బీపీ ఉందని ముద్ర వేయను. రాత్రంతా మేలుకుని వచ్చి, కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని, కాలు మీద కాలు వేసుకుని చూసుకుంటే ఎవరికైనా పెరుగుతుంది. పట్టీ చేతికి చిన్నదైనా ఎక్కువే చూపిస్తుంది. ఒక వారం పాటు ఉదయం, సాయంత్రం ఇలా చూడండి: మూత్రానికి వెళ్లి వచ్చి, వీపు ఆనించి, పాదాలు రెండూ నేలమీద పెట్టి ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చేయి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. అంతకు ముందు అరగంట కాఫీ, టీ, సిగరెట్ వద్దు. ఒక నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాయండి, తక్కువ వచ్చినది మాత్రమే కాదు. ఇంట్లో చూసిన వారం సగటు 135/85 దాటితే అది ఎక్కువే. ఈ వయసులో అలా వస్తే మూత్రపిండాలు, హార్మోన్లు, నిద్ర, అన్నీ చూడాల్సి వస్తుంది. గురక పెడతారా అని ఇంట్లోవాళ్లను అడిగి రండి. మనకు తెలియదు, వాళ్లకు తెలుస్తుంది.

ఇక నాన్నగారి మాత్ర. స్ట్రిప్ మీద ఆయన పేరు లేకపోవచ్చు గానీ, ఆ మోతాదు వెనుక ఆయన క్రియాటినిన్ (మూత్రపిండాలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష), పొటాషియం రిపోర్టులు ఉన్నాయి. మీవి ఎవరూ చూడలేదు. 134 రాగానే మానేశారు కదా, తగ్గింది జబ్బు కాదు, అంకె. మందు ఒంట్లో ఉన్నంతసేపు అంకె దిగుతుంది, అంతే. మళ్లీ వేసుకోకండి. ఒకవేళ మీకు మందు అవసరమే అయితే అదే మాత్ర రాయవచ్చు, వేరేదీ రాయవచ్చు. పరీక్షించిన డాక్టరు చెప్పాలి, మెషిన్ కాదు.

ఇప్పుడు నా అసలు గొడవకు వస్తాను. తలనొప్పి మాత్ర పేరు మీరు రాయలేదు. రాయకపోవడంలో ఆశ్చర్యం లేదు, బహుశా మీకూ తెలియదు. మన మందుల షాపుల్లో కత్తెరతో నాలుగు మాత్రలు కోసి చేతిలో పెడతారు. పేరు ఒక ముక్కలో పోతుంది, గడువు తేదీ ఇంకో ముక్కలో. మొన్న మా ఓపీకి ఒకాయన ప్లాస్టిక్ సంచీ నిండా అలాంటి ముక్కలు తెచ్చి బల్ల మీద కుమ్మరించారు. వాటిలో ఒకదాని మీద 'ఫెనాక్' అన్న మూడు అక్షరాలే మిగిలాయి. ఎసిక్లోఫెనాకో, డైక్లోఫెనాకో, ఏదైనా నాకు ఒకటే. ఆయనకు మోకాళ్ల నొప్పులు, ఆరు నెలలుగా రోజూ వేసుకుంటున్నారు. క్రియాటినిన్ చూస్తే 2.8, ఉండాల్సినదానికి రెట్టింపు పైనే. 'నొప్పి మాత్రే కదండీ' అన్నారు. ఈ మాట నేను వారానికి పదిసార్లు వింటాను.

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ జాతి మాత్రలు మూత్రపిండాలకు రక్తం సరిగా అందేలా చూసే రసాయనాలను అడ్డుకుంటాయి. దానితో ఒంట్లో ఉప్పు, నీరు నిలిచిపోతాయి, బీపీ పెరుగుతుంది, బీపీ మందు వాడేవాళ్లలో దాని పని మందగిస్తుంది. మీ విషయంలో చూడండి: పైనుంచి సూప్ రూపంలో ఉప్పు పోస్తున్నారు, కింద తూము మూస్తున్నారు. ఇక చెరువు నిండక ఏమవుతుంది? ఇంకో మెట్టు పైకి వెళ్దాం. ఘాటైన కొరియా నూడుల్స్ తిన్న మర్నాడు నీళ్ల విరేచనాలు అయ్యాయనుకోండి. ఒంట్లో నీరు తగ్గింది. అదే రోజు తలనొప్పి మాత్ర, దానికి తోడు నాన్నగారి టెల్మిసార్టాన్. ఈ మూడూ ఒకేసారి కలిస్తే ఆరోగ్యవంతుడి మూత్రపిండాలు కూడా ఒక్క రోజులో దెబ్బతినవచ్చు. మీకు అలా అయిందని అనడం లేదు. కాలేదని నిర్ధారించుకునేదాకా నాకు మనసు ఒప్పదు.

తలనొప్పి లెక్క కూడా చూద్దాం. వారానికి నాలుగైదు అంటే నెలకు పదహారు నుంచి ఇరవై. తరచుగా తలనొప్పి వచ్చేవారు మామూలు నొప్పి మాత్రలు నెలలో పదిహేను రోజులకు మించి, కొన్ని మిశ్రమ మాత్రలైతే పది రోజులకు మించి, నెలల తరబడి వేసుకుంటే ఆ మాత్రల వల్లే తలనొప్పి వచ్చే స్థితి ఏర్పడుతుంది. మాత్ర దిగిపోగానే నొప్పి, నొప్పికి మళ్లీ మాత్ర. మీరు తప్పును అజినమోటో మీద వేస్తున్నారేమోనని నా అనుమానం. నిద్రలేమి, కళ్లజోడు నంబరు, మైగ్రేన్, ఇవి కూడా చూడాలి. ఈలోగా తప్పనిసరైతే పారాసిటమాల్, అదీ కాలేయ జబ్బు, మద్యం అలవాటు లేకపోతేనే, వారంలో రెండు రోజులకు మించకుండా. నీళ్లలో వేస్తే బుసబుస పొంగే రకం వద్దు. ఆ పొంగు సోడియం బైకార్బొనేట్‌ది, ఒక్కో మాత్రలో 400 మి.గ్రా. దాకా సోడియం ఉండవచ్చు. ఉప్పు అన్నిసార్లూ ఉప్పగా ఉండదు.

కడుపు మంటకు గ్యాస్ మాత్ర ఎనిమిది నెలలా? ఎవరు రాశారు? నొప్పి మాత్రలు కడుపులో పుండు చేస్తాయి, గ్యాస్ మాత్ర ఆ మంటను కప్పిపెడుతుంది, మీరు మళ్లీ నొప్పి మాత్ర వేసుకుంటారు. మలం తారులా నల్లగా, జిగురుగా వచ్చినా, వాంతిలో కాఫీ పొడిలాంటిది కనిపించినా ఓపీ దాకా ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్లండి. గ్యాస్ మాత్రలు ఎక్కువ కాలం వాడితే కొందరిలో బి12, మెగ్నీషియం తగ్గుతాయి. అలాగని ఇది చదివి రేపే ఆపేయకండి, ఒక్కసారిగా ఆపితే మంట రెట్టింపై తిరగబడవచ్చు. ఎలా తగ్గించాలో మిమ్మల్ని చూసే డాక్టరు చెబుతారు.

సరే, నూడుల్స్.

అజినమోటో గురించి మన ఇళ్లలో ఉన్న భయం దాని తప్పుకు మించినది. 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునాయె ఇకెడా కొంబు అనే సముద్రపు నాచు రసం నుంచి గ్లుటమేట్‌ను వేరుచేశారు, అజినమోటో దాని సోడియం రూపమే. ఆ గ్లుటమేట్ మనం పప్పులో వేసుకునే పండు టమాటాలోనూ ఉంది. మామూలు మోతాదులో చాలామందికి ఏమీ కాదు. ఖాళీ కడుపున ఎక్కువ మోతాదు పడితే కొందరికి కాసేపు తలనొప్పి, ముఖం వేడెక్కడం ఉండవచ్చు. పైగా ఉప్పులో దాదాపు 39 శాతం సోడియం ఉంటే అజినమోటోలో ఉన్నది 12 శాతమే. 2015లో మ్యాగీ మీద సీసం, 'అజినమోటో కలపలేదు' అన్న లేబుల్ విషయంలో వివాదం వచ్చి జూన్‌లో దేశమంతా నిషేధించారు, ఆగస్టులో బాంబే హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. ఆ రోజుల్లో నా దగ్గరికి వచ్చిన తల్లులందరూ అజినమోటో గురించి అడిగినవాళ్లే. మసాలా పొట్లంలో ఉప్పెంత అని అడిగినవాళ్లు ఒక్కరు గుర్తులేరు.

మైనం పూత లేదు. 1958లో మొమొఫుకు ఆండో ఒసాకా దగ్గరి ఇకెడా ఊళ్లో, తన ఇంటి పెరటి పాకలో కనిపెట్టిన కిటుకు నూనెలో వేయించడమే. వేడి నూనెలో నూడుల్స్‌లోని నీరు ఆవిరై సన్నని రంధ్రాలు మిగులుతాయి, తర్వాత వేడినీళ్లు ఆ రంధ్రాల్లోకే దూరతాయి. మీకు కనిపించే మెరుపు ఆ నూనెది. మొదటి నీళ్లు పారబోస్తే కొంత నూనె పోతుంది, నూడుల్స్‌లో ఉన్న ఉప్పు కొంచెం పోతుంది. అసలు ఉప్పు చింపని పొట్లంలో ఉంది కదా! నీళ్లు పారబోసి పొట్లం మొత్తం వేసుకుంటే ఏం లాభం?

ఏ దేశానివి మంచివని అడిగారు. దేశాన్ని బట్టి చెప్పలేను, ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడాలి. పెద్దవాళ్లకు రోజంతటికీ సోడియం 2,000 మి.గ్రా. మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. అంటే ఉప్పు లెక్కలో 5 గ్రాములు, ఒక టీ చెంచాడు. కొరియా సూప్ రకాలు చాలావాటిలో ఒక్క ప్యాకెట్టుకే 1,700 మి.గ్రా. దాటుతుంది. జపాన్ లేబుళ్ల మీద సోడియం బదులు ఉప్పునే గ్రాముల్లో రాస్తారు. కొన్ని కప్పుల మీద నూడుల్స్‌లో ఎంత, సూప్‌లో ఎంత అని విడగొట్టి కూడా ఉంటుంది, చూస్తే ఇంచుమించు సగం సూప్‌లోనే కనిపిస్తుంది. మీరు చివరి చుక్క వరకు తాగేది అదే. సోడియం అని రాసి ఉంటే రెండున్నరతో గుణించండి, ఉప్పు వస్తుంది. కొన్ని ప్యాకెట్ల మీద అంకె సగం నూడుల్స్ బిళ్లకే ఇస్తారు, మరికొన్నింటి మీద 100 గ్రాములకు. సగం బిళ్ల ఉడికించుకుని లేచినవాడిని నేనింతవరకు చూడలేదు. ఇండోనేషియా వేపుడు రకాల్లో సూప్ ఉండదు గనక నయమనుకోకండి, మసాలా అంతా నూడుల్స్‌కే పడుతుంది, వదిలేయడానికి గిన్నెలో ఏమీ మిగలదు. నూనెలో వేయించకుండా గాలికి ఆరబెట్టిన రకాల్లో కొవ్వు తక్కువ, ఉప్పు తక్కువన్న భరోసా మాత్రం లేదు.

ఆవకాయ మానేశానని గర్వంగా రాశారు. ముద్దకు నంజుకునే చిన్న ముక్కను బయటికి పంపి, ఇంత సూప్ గిన్నెను లోపలికి పిలిచారు. మీ అమ్మగారు ఏమంటున్నారో!

సోడియం తక్కువ ఉప్పు కొందామని కూడా మీకు తోచవచ్చు. ఇప్పుడే వద్దు. అందులో సోడియానికి బదులు పొటాషియం ఉంటుంది. మూత్రపిండాలు ఎలా ఉన్నాయో తెలియకముందు, అందునా టెల్మిసార్టాన్ లాంటి మందుతో, అది ప్రమాదం.

ఘాటు రకాల గురించి ఒక్క మాట. 2024 జూన్‌లో డెన్మార్క్ ఆహార అధికారులు కొరియా బుల్డక్ నూడుల్స్ మూడు రకాలను మిరప ఘాటు మితిమీరిందని దుకాణాల నుంచి వెనక్కి తీయించారు, మరుసటి నెలలో రెండింటిని మళ్లీ అనుమతించారు. గుంటూరు కారం తిని పెరిగినవాళ్లకు నవ్వు రావచ్చు. కానీ ఎనిమిది నెలలుగా మండుతున్న కడుపుకు మిరపకారం పోటీలు పెట్టకండి.

చేయాల్సింది ఈ వారంలోనే: దగ్గరలోని ఫిజీషియన్‌ను కలవండి. క్రియాటినిన్, సోడియం, పొటాషియం, హిమోగ్లోబిన్, పరగడుపు షుగర్, మూత్రంలో ప్రొటీన్, ఈసీజీ, ఇవి నేనైతే అడుగుతాను, మిగతావి మిమ్మల్ని చూసి వారు తేలుస్తారు. ఉత్తరం చదివి ఇంతకు మించి చెప్పడం సరికాదు, మందు రాయడం అసలే కాదు. ఛాతీలో నొప్పి, ఆయాసం, మాట తడబడడం, ఒక చేయి లేదా కాలు పట్టు తప్పడం, చూపు మసకబారడం, వీటిలో ఏది వచ్చినా బీపీ మళ్లీ చూసుకుంటూ కూర్చోకుండా 108కి ఫోను చేయండి. వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న మాత్రల ముక్కలన్నీ ఒక కవర్లో వేసుకెళ్లండి, చిరిగినవి కూడా. నాన్నగారి మందులు వేరే డబ్బాలో పెట్టించండి.

ఆ నోట్‌బుక్ కూడా తీసుకెళ్లండి, నవ్వులాటకు అనడం లేదు. ఏ తేదీన ఏం తిన్నారో అందులో ఉంది. ఆ తేదీల పక్కన తలనొప్పి ఎప్పుడు వచ్చిందో, మాత్ర ఎప్పుడు వేసుకున్నారో గుర్తున్నంతవరకు రాస్తే మీ డాక్టరుకు అరగంట పని తగ్గుతుంది. రుచికి మార్కులు వేయడానికి రెండు మూడు చెంచాల సూప్ చాలు, మిగతాది సింకులో పోయండి. రిపోర్టులు వచ్చేదాకా అదీ వద్దు. ఇంకా రుచి చూడని ప్యాకెట్లు అల్మరాలో ఉంటే కంగారు పడకండి, వాటి గడువు నెలల్లో ఉంటుంది. తేదీ ప్యాకెట్ మీదే ఉంది, దాన్ని ఎవరూ కత్తెరతో కోయలేదు.